లోపలోళ్ళ పళ్ళెం

సవిత ఆటో దిగి మెస్సు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా నాలుగూ ఇరవై. తలుపుకు అడ్డంగా పోలీసులు తాడు కట్టారు. తాడు అవతల ఇన్‌స్పెక్టర్ బచ్చప్ప నిలబడి టీ తాగుతున్నాడు.

“రండి మేడమ్, రండి. బెంగళూరులో దొంగలంతా రిటైరైనారా? మా జిల్లా దాకా వచ్చినారు!”

“మాలూరులో మీరు పట్టుకొన్న దొంగను విడిపించినప్పటి నుంచి నాకి మీ జిల్లా అంటే శానా ఇష్టం సార్.”

టీ గ్లాసు నోటి దగ్గరే ఆగింది. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకున్నాడు.

“ఆరు గంటలకు మునిలక్ష్మమ్మను అరెస్టు చేసి కోలారుకు తీసుకొని పోతా ఉండాను,” అన్నాడు బచ్చప్ప. “మీకి గంటా నలభై నిమిషాలుండాది. డిటెక్టివ్ కదా, ఏం కనిపెడతారో కనిపెట్టండి.”

తాడు పైకెత్తి సవిత లోపలికి దూరింది.

గిరీశ్ భార్య మాల ఆస్పత్రి నుంచి ఫోను చేసి అప్పగించిన కేసు వినడానికి చిన్నది. గిరీశ్ ఇదే జిల్లా గౌనిపల్లివాడు. ఊరూరా హోటళ్ళలో, బార్లలో తిని, తిన్నది తిన్నట్టు కెమెరాకు చెప్పడం అతని పని. హైదరాబాదులో బిర్యానీ ఎక్కడ తినాలో, మంగళూరులో చేపలు ఎక్కడ తినాలో లక్షలమంది అతని మాట విని వెళతారు. ఈ మధ్యాహ్నం బంగారు గనుల ఊరు కేజీఎఫ్ వచ్చి, ఛాంపియన్ రీఫ్స్ పేటలోని మునిలక్ష్మమ్మ మెస్సులో కూర్చున్నాడు. ఒంటి గంటా ఇరవై ఆరుకు, రాగి ముద్ద మింగుతూ మింగుతూ పళ్ళెం మీదికి వాలిపోయాడు. కోలారు ఆస్పత్రిలో కడుపు కడిగారు. ప్రాణం నిలబడింది. స్పృహ మాత్రం ఇంకా రాలేదు. లోపలికి వెళ్ళింది నిద్రమందు. మోతాదుకు ఎన్నో రెట్లు.

మునిలక్ష్మమ్మకు డెబ్బై రెండేళ్ళు. గనిలోంచి పైకొచ్చిన మనుషులకు, గని మూతపడ్డాక తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కే మనుషులకు ఆమె నలభై ఏళ్ళుగా అన్నం పెడుతోంది. ఆ చేయి విషం పెట్టిందన్న మాట ఒక్కసారి అరెస్టు కాగితం మీదికి ఎక్కితే, రేపు కోర్టు వదిలేసినా ఆ బల్లల మీద ఇంకెవరూ కూర్చోరు. ఆ సంగతి సవితకు తెలుసు. మునిలక్ష్మమ్మకు ఇంకా బాగా తెలుసు.

ఆమె మూల బల్ల మీద, చీర కొంగు ఒళ్ళో పోగేసుకుని కూర్చుని ఉంది.

“వచ్చినావా సవితమ్మా? ఏమన్నా తిన్నావా?”

“నువ్వు జైలుకు పోతా ఉండావవ్వా. నా తిండి సంగతి ఆమీద. గిన్నెలు ఏంటికి కడిగినావు?”

అదే ఆమె మెడకు చుట్టుకున్న ఉరి. పోలీసులు వచ్చేసరికి రెండూ పది. అప్పటికి వంటగదిలో సారు గిన్నె, ముద్ద గిన్నె, గరిటెలు, పళ్ళాలు అన్నీ బూడిదతో తోమి బోర్లించి ఉన్నాయి. పరీక్షకు పంపడానికి మెతుకు లేదు.

“ఆ బిడ్డను అంబులెన్సులో ఎక్కించి లోపలికొచ్చినా. ఏదో ఒక పని చెయ్యకపోతే పడిపోతాననిపించింది. రెండుకు షిఫ్టు దిగుతాది, అంతలోపల గిన్నెలు తోమి పొయ్యి మీద రెండో వంట ఎక్కించల్ల. నలభై ఏండ్లు అట్లే చేసినా. చేతులు వాటి పాటికి అవే చేసినాయి.”

“ఇరవై ఏండ్ల కింద మూసిన గనికి షిఫ్టంట!” అన్నాడు బచ్చప్ప. “ఈ కథ కోర్టులో చెప్తే జడ్జి నన్ను చూసి నవ్వుతాడు.”

“గిరీశ్ ఎన్నింటికి వచ్చినాడవ్వా?”

“పన్నెండూ ముక్కాలుకు. రాంగానే కాళ్ళకు దండం పెట్టినాడు. ఐటీఐ చదివేటప్పుడు రెండేండ్లు ఈడనే తిన్నాడు కదా. ‘అవ్వా, ఎన్నో ఊర్లు తిరిగినాను, ఎన్నో పెద్ద హోటళ్ళలో కూసున్నాను, నీకి దండం పెట్టకుండా నా పని ముగియదు’ అన్నాడు.”

“నువ్వు పళ్ళెం పెట్టింది ఎన్నింటికి?”

“ఒంటిగంట దాటింది. బస్సారు దిగల్ల, లోపలోళ్ళకు తియ్యల్ల, ఆమీద కదా మనుషులకు పెట్టేది.”

సవిత చేతిలోని పెన్ను ఆగింది.

“లోపలోళ్ళెవురు?” బచ్చప్ప గొంతు పెంచాడు. “ఇంట్లో ఇంగెవురన్నా దాక్కోని ఉండారా?”

“అవ్వా! ఇంగా తీస్తా ఉండావా?” అంది సవిత.

“తియ్యకుండా యాడికి పోతాను?”

సవిత పరుగులాంటి నడకతో వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి పైన, పొగకు నల్లబడ్డ గూడు. అందులో మునిలక్ష్మమ్మ భర్త పాత గని టోపీ. టోపీ వెనక, నీలం అంచు ఎనామిల్ పళ్ళెం ఒకటి, దాని మీద బోర్లించిన ఇంకో పళ్ళెం. ఏదో పూజ సామాను అనుకుని పోలీసులు ముట్టలేదు.

పై పళ్ళెం ఎత్తింది. చల్లారిన రాగి ముద్ద. గిన్నెడు బస్సారు, ఆకుకూరా అలసందలూ ఉడికించి వార్చిన నీళ్ళతో కాచిన సారు. పక్కన అలసందల వేపుడు.

“ఇదేంది?” బచ్చప్ప భుజం మీదుగా తొంగిచూశాడు.

“మీరు మధ్యాహ్నం నుంచీ వెతుకుతా ఉండే సాక్ష్యం సార్. ఈ మెస్సులో గిన్నె దించగానే మొదటి గరిట ఎవురికీ పెట్టరు. గనిలో, భూమి లోపల ఉండేవాళ్ళ కోసం తీసి పెడతారు. రాత్రి రెండో షిఫ్టు పైకొచ్చే వేళ దాకా మూత తియ్యరు. అప్పటికీ ఎవురూ రాకపోతే అవ్వే తింటాది. గిరీశ్‌కు పెట్టిన ముద్ద ఏ గిన్నెలోదో ఇదీ ఆ గిన్నెలోదే.”

 వాళ్ళ వెనకే వచ్చిన మునిలక్ష్మమ్మ వైపు బచ్చప్ప తిరిగాడు. “రెండు గంటలుగా అడుగుతా ఉండానే, మెతుకన్నా మిగిలిందా అని! ఏంటికి చెప్పలేదు?”

“మిగిలింది యాడుండాది సామీ? అది మిగిలింది కాదు. వాళ్ళది,” అంది మునిలక్ష్మమ్మ.

సవిత ఆ పళ్ళెం వైపే చూస్తోంది. ఆమెకు ఆరేళ్ళప్పుడు గనిలో ఏర్ బ్లాస్ట్ అయింది. భూమి లోపల బండ పేలి, తండ్రి శ్రీనివాసప్ప ఉన్న సొరంగం మూసుకుపోయింది. ముప్పై గంటలు. పైకి తెచ్చాక ఆయన ఇంటికి పోలేదు, ఆస్పత్రికి పోలేదు. నేరుగా ఈ బల్ల మీద కూర్చున్నాడు. మునిలక్ష్మమ్మ ఏమీ అడగకుండా ఆ పళ్ళెం దించి, సారు వెచ్చబెట్టి ముందు పెట్టింది. “నేను వస్తానని ఇంట్లోవాళ్ళే అనుకోలేదు. ఈయమ్మ అన్నం తీసి పెట్టింది,” అని తండ్రి చచ్చేదాకా చెప్పుకున్నాడు.

“కానిస్టేబుల్‌ను పిలిచి సగం సీలు చెయ్యండి సార్. ల్యాబుకు.”

“ల్యాబు రిపోర్టు వచ్చేదానికి పది రోజులు. అంతవరకూ ఆయమ్మ లోపలే.”

“అందుకే సగం అన్నాను.”

సీసాల్లోకి, డబ్బాలోకి సగం వెళ్ళింది. సీలు పడింది. మిగిలిన సగం ముందు సవిత చెయ్యి కడుక్కుని కూర్చుంది.

“ఏయ్! ఏం చేస్తా ఉండారు?”

“టైము చూడండి. నాలుగూ ముప్పై ఐదు. దారిలో డాక్టరుతో మాట్లాడినాను. ఈ మందు అర్ధగంట నుంచి నలభై నిమిషాలలోపల మనిషిని పడగొడతాదంట. నేను పడిపోతే మీ కేసు గెలిచినట్లే.”

“మీకి పిచ్చి పట్టిందా? మీకేమన్నా అయితే నా ఉద్యోగం పోతాది!”

“మా నాయన తిన్నది ఇదే పళ్ళెం సార్. నాకి ల్యాబు అక్కర్లేదు. మీకోసం తింటా ఉండాను.”

ముద్ద తుంచి, సారులో ముంచి, మింగింది. రాగి ముద్దను ఎవరూ నమలరు. మునిలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సవిత పళ్ళెంలో మెతుకు లేకుండా తిని, గిన్నె ఎత్తి సారు అడుగుదాకా తాగింది.

“చల్లారినా ఇంత బాగుండాదేమవ్వా!”

“ఎక్కువ తిరగమోత వేసినా ఈపొద్దు. ఆ బిడ్డ వచ్చినాడని.”

బచ్చప్ప తన వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. “ఐదుంబావుదాకా. ఆమీద నా మాట మీరు వినల్ల.”

“ఐదుంబావుదాకా మీరు సీజు చేసిన గిరీశ్ కెమెరా నాకివ్వండి. గిరీశ్ మేనేజరు బయట ఉండాడు కదా, ఆయప్పను కూడా పిలవండి.”

పురుషోత్తమ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. విజయవాడ మనిషి. ఇస్త్రీ చొక్కా, కళ్ళ కింద అలసట. నాలుగేళ్ళుగా గిరీశ్ ఏ ఊరు వెళ్ళినా హోటలు మాట్లాడేది, టేబుల్ కుదిర్చేది అతనే.

“నాకు చేతనైనంత చెప్తాను మేడమ్. గిరీశ్ నాకు తమ్ముడి లాంటివాడు.”

“ఏ ఊరికి పోయినా మీరు పక్కనే ఉంటారు?”

“నీడలాగా.”

“ఒక పూటకు రెండు మూడు హోటళ్ళలో తింటాడు కదా. ఒక రుచి ఇంకో రుచిలో కలవకుండా ఏమి తాగుతాడు?”

“మంచినీళ్ళు.”

“అంతేనా?”

“అంతే.”

సవిత తన ఫోను తిప్పి బల్ల మీద పెట్టింది. గిరీశ్ పాత వీడియోలు. హైదరాబాదు హోటలు, పాలరాతి బల్ల. వైజాగ్‌లో సముద్రం కనిపించే బారు. చెన్నైలో అరిటాకు వేసిన మెస్సు. మంగళూరులో వేయించిన చేపల పళ్ళెం. ఒక్కొక్క చోట వేలితో ఆపింది. ప్రతి బల్ల మీదా గిరీశ్ ఎడమ చేతి పక్కన రాగిరంగు ఫ్లాస్కు.

“ఓ, అదా!” పురుషోత్తమ్ నవ్వాడు. “అల్లం, వాము వేసిన కషాయం మేడమ్. నేనే కాచి పోసేవాణ్ణి. నిన్నటి నుంచి లేదు కాబట్టి గుర్తు రాలేదు. నిన్న బెంగళూరులో ఒక బార్లో షూటింగ్. అక్కడ మర్చిపోయాడు.”

“నిన్నే పోయింది. గట్టిగా తెలుసా?”

“ఖచ్చితంగా. తిరిగి వెళ్ళి వెతికించాను కూడా.”

సవిత బచ్చప్ప వైపు చూసింది. “సార్, మీరు ఈ కెమెరాలో యాడ నుంచి చూసినారు?”

“పళ్ళెం పెట్టిన కాడి నుంచి. అంతకుముందు ఏముంటాది? ఆయప్ప ఖాళీ బల్ల ముందర కూసోని ఉంటాడు.”

“ఇరవై నిమిషాలు కూసున్నాడు. లోపలోళ్ళకు తీసిందాకా అవ్వ ఆయప్పకు పెట్టలేదు కదా. ఆ ఇరవై నిమిషాలు చూద్దామా?”

పురుషోత్తమ్ ముఖంలో నవ్వు అలాగే ఉంది. కాని కుర్చీ చేతిమీద అతని వేళ్ళు బిగిశాయి.

కెమెరాలో గిరీశ్ ముఖం దగ్గరగా వచ్చి వెనక్కి జరిగింది. కెమెరాను అతనే బల్ల మీద నిలబెట్టుకున్నాడు. మూలన అంకెలు: పన్నెండూ నలభై ఏడు. ఎవరిదో చెయ్యి, ఇస్త్రీ చొక్కా మణికట్టు, రాగిరంగు ఫ్లాస్కు అందించింది. గిరీశ్ గడగడా సగం తాగి, మొహం చిట్లించాడు.

“ఈపొద్దు వాము ఎక్కువేసినావన్నా,” అన్నాడు తెర మీద గిరీశ్.

సవిత వీడియో ఆపింది.

“మొదటి ముద్ద నోట్లోకి పోయింది ఒంటిగంటా ఎనిమిదికి,” అంది సవిత. “ఇరవై ఆరుకు పడిపోయినాడు. పద్దెనిమిది నిమిషాలు. డాక్టరు అర్ధగంటకు తక్కువ కుదరదన్నాడు. ఈ ఫ్లాస్కు నుంచి లెక్క వెయ్యండి సార్. ముప్పై తొమ్మిది. మీరు సీజు చేసిన సామాన్ల జాబితాలో ఫ్లాస్కు యాడుండాది?”

బచ్చప్ప కాగితం తీసి చూడలేదు. లేదని అతనికి తెలుసు.

“ఇంకో మాట మిగిలింది,” అని సవిత వీడియో ముందుకు జరిపింది. ఒంటిగంటా రెండు. గిరీశ్ కెమెరాతో మాట్లాడుతున్నాడు. గొంతు అప్పటికే కొంచెం బరువెక్కింది.

“…ఎన్నో ఊర్లలో తిన్నాను. వైజాగ్‌లో ఒక బారు ఓనరు చెప్పినాడు, ‘మీ మనిషికి ముందే అన్నీ ముట్టజెప్పినాము, ఇంగ నువ్వు బాగుందని చెప్పడమే’ అని. అప్పుడు తెలిసింది. నా నాలుకను నాకంటే ముందే ఎవురో అమ్మేసినారు. ఆ మనిషి ఎవురో ఈ వీడియో చివర చెప్తాను. కాని ముందు ఈ అవ్వకు దండం. బాగుందని చెప్పరా అని ఒక్కనాడూ నన్నడగలేదు. ఇంగా కొంచెం పెట్టేదా అనే అడిగింది.”

మునిలక్ష్మమ్మ ఏడుస్తోంది. శబ్దం లేకుండా, కొంగు తడిసేలా.

బచ్చప్ప లేచాడు. బల్ల మీద వాచీ ఐదూ పదిహేడు చూపిస్తోంది. సవిత నిటారుగా కూర్చుని ఉంది, కళ్ళు చురుగ్గా ఉన్నాయి. అతను వాచీ తీసి చేతికి కట్టుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు:

“మాలూరు కేసు మరిచిపోతే నేనూ ఒక మాట చెప్తాను మేడమ్.”

“మరిచిపోయినాను సార్.”

“ఇంత దూరం వచ్చినారు. మంచిదైంది.” గొంతు సవరించుకుని మునిలక్ష్మమ్మ వైపు తిరిగాడు. “అవ్వా, నువ్వు లేయి. నిన్ను ఎవురూ యాడికీ తీసుకొని పోరు. పొయ్యి అంటించుకో.”

ఆమె రెండు చేతులూ జోడించింది. “నీ కడుపు చల్లగుండ సామీ! సవితమ్మా, మీ నాయన ఉంటే…” మాట పూర్తి చేయలేకపోయింది.

బచ్చప్ప పురుషోత్తమ్ కుర్చీ వెనక్కి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు. “ఫ్లాస్కు యాడ?”

పురుషోత్తమ్ చూపు వీధి వైపు పోయింది.

“కార్లో పెట్టినావా? కారు బయట లేదే. యాడికి పంపించినావు?”

“లాయరు వచ్చేదాకా నేనేమీ మాట్లాడను.”

“కోలారుకు పొయ్యింది కదా సామీ,” అంది మునిలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “ఆయప్పను తిట్టద్దండి. ఏం చేసినాడో నాకి తెలీదు గాని, నాకి మాత్రం మంచే చేసినాడు. ఊరంతా నా చేతి కూడు విషమంటా ఉంటే, ఈయప్ప ఒక్కడే వచ్చి, ‘అవ్వా, గిరీశ్ పెండ్లాము మాల పొద్దున్నుంచీ తినలేదు, ఆస్పత్రిలో ఒక్కతే ఉండాది, నీ చేత్తో క్యారియర్ కట్టియ్యి’ అని అడిగినాడు. నా వంటగది మూసినారని, కానిస్టేబులును అడిగి పక్కింటి చిక్కమ్మ పొయ్యి మీద అన్నం, సారు చేసి ఇచ్చినాను. నా ప్రాణం లేసి వచ్చినట్లయింది తల్లీ.”

సవిత లేచి నిలబడింది. “ఎప్పుడు?”

“నువ్వొచ్చే ముందరే. నాలుగుకు.”

“డ్రైవరు చేతికి ఎవురిచ్చినారు? నువ్వా?”

“ఈయప్పే. కారు దాకా తనే పట్టుకొని పోయినాడు. డోరు మూసుకొని, మూత గట్టిగా బిగించి ఇచ్చినాడు, ఒలకకుండా.”

సవిత పురుషోత్తమ్ ముఖంలోకి చూసింది. అతను బచ్చప్ప చేతి కింద అలాగే కూర్చుని, పెదవుల చివర తడుపుకున్నాడు. భర్తకు తెలిసిన రహస్యం భార్యకూ తెలిసి ఉంటుంది. ఆమె కూడా మునిలక్ష్మమ్మ సారు తిని వాలిపోతే, ఆ తర్వాత ఏ పళ్ళెం, ఏ వీడియో ఎవరు నమ్ముతారు?

కేజీఎఫ్ నుంచి కోలారుకు ముప్పావు గంట. క్యారియర్ ఎప్పుడో చేరి ఉంటుంది.

బచ్చప్ప అప్పటికే ఆస్పత్రి దగ్గరున్న కానిస్టేబుల్‌కు ఫోను చేస్తున్నాడు. అటు బిజీ. సవిత మాల నంబరు నొక్కింది. ఒక రింగు. రెండు. నాలుగు. ఎత్తారు.

“అక్కా!” మాల గొంతు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. “ఇప్పుడే నీకి చేద్దామనుకొంటా ఉండా. ఆయన కండ్లు తెరిచినాడక్కా!”

“మాలా, ముందు నా మాట విను. క్యారియర్…”

“వచ్చిందక్కా, డ్రైవరు తెచ్చిచ్చినాడు. మూత తియ్యంగానే ఆయన ‘అవ్వ సారు’ అన్నాడు. లేసినాక అన్న మొదటి మాట అదే! నర్సు వద్దనింది, కాని ఆ ముఖం చూసి నా మనసు ఆగలేదు. అవ్వకు చెప్పక్కా, ఆమె చెయ్యి నిండు నూరేండ్లు చల్లగుండాలని. చెంచాతో కొంచెమే…”

“చెంచా కింద పెట్టు మాలా! ఇప్పుడే! కింద పెట్టు!”

అటువైపు స్టీలు గిన్నెకు చెంచా తగిలిన చప్పుడు వినిపించింది.

“పెట్టేసినానక్కా,” అంది మాల భయంగా. “ఆయన మింగేసినాడు.”